నేను మానేశానని చెప్పిన మాత్రలు

నాకు ఊపిరి పోసిన దేవునికి స్తోత్రం. అది అందక నేను కొట్టుకున్న రోజుల్లో కూడా దాన్ని నా నుంచి తీసుకోని దేవునికి స్తోత్రం. అబద్ధమాడిన నోటితోనే మళ్లీ తన పేరు పలకనిస్తున్నందుకు స్తోత్రం. ఏది చెప్పబోయినా ముందు ఇలా అనడం మా సంఘంలో అలవాటు. ఇవాళ అలవాటుగా అనడం లేదు.

నేను రేగొండ దగ్గర ఒక ఊళ్లో చిన్న పిల్లలకు చదువు చెప్పే టీచరును. మా ఆయన ప్రభుదాసు భూపాలపల్లి బొగ్గు గనిలో పని చేస్తాడు, మేముండేది ఆ గని కాలనీలో. మా అమ్మ ఊరూరా నడిచి వాక్యం చెప్పిన మనిషి. పలక మీద అక్షరాలు దిద్దక ముందే నాకు కీర్తనలు నోటికి వచ్చు. ఇది గొప్పకు రాయడం లేదు. అంత వాక్యం తెలిసినదాన్ని ఎక్కడ జారానో మీకు తెలియాలని రాస్తున్నాను. ఒత్తిడి అన్న మాట వింటే నవ్వేవాళ్లు ఒకసారి చదవండి. దానికి మందు మింగుతూ ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోలేనివాళ్లు రెండుసార్లు చదవండి.

రెండువేల తొమ్మిది డిసెంబరు

రాష్ట్రం ఇస్తామని చెప్పి, పండుగ చేసుకునేలోపు మాట వెనక్కి తీసుకున్న చలికాలం అది. ఆ తర్వాత అన్నీ బందులే. బడి ఒకరోజు నడిస్తే రెండు రోజులు మూత. పోయిన రోజులకు బదులు సెలవుల్లో బడి పెట్టమనేవారు. ఆదివారం పొద్దున సండే స్కూలు, తర్వాత పాటల గుంపు, సాయంత్రం స్త్రీల కూటం, అన్నిటికీ నేనే. మా ఆయనకు వారానికో షిఫ్టు. మొదటి షిఫ్టయితే కోడి కూయకముందే సద్ది కట్టాలి. రాత్రి షిఫ్టయితే పగలు ఆయన నిద్రపోతున్నంతసేపు గిన్నె చప్పుడు కాకూడదు. ఎవరు ఏ పని చెప్పినా సరే అనేదాన్ని. సంఘం పనిని మేము పరిచర్య అంటాం. పరిచర్యకు కుదరదు అన్న మనిషిని అప్పటిదాకా నేను చూడలేదు.

మొదటిసారి అది నన్ను బస్సులో పట్టుకుంది. రేగొండకు ఇవతల రోడ్డు ఆపేశారు. రోడ్డు నడుమ రాళ్ల పొయ్యిలు పెట్టి, పెద్ద డేగిసాల్లో అన్నం వండుతున్నారు. వంటా వార్పు అనేవాళ్లం దాన్ని. డప్పులు మోగుతున్నాయి. తెలంగాణ రావాలని నాకూ ఉంది, ఆ పాటలకు నా పెదాలు కూడా కదిలేవి. కానీ ఆ రోజు బడికి తనిఖీకి వస్తున్నారు, తాళం చెవి నా దగ్గరే ఉంది. ఉన్నట్టుండి ఎవరో నా గుండెను పిడికిట్లో పట్టి పిండినట్టయింది. చేతివేళ్లు తిమ్మిరెక్కాయి. ఇంకో నిమిషంలో చచ్చిపోతాననే నమ్మకం, దేవుని మీద ఉన్న నమ్మకమంత గట్టిగా కలిగింది. బస్సు దిగి రోడ్డు పక్కన కూలబడ్డాను. గరిటె తిప్పుతున్న ఒక పెద్దావిడ వచ్చి, గంజిలో ఉప్పేసి గ్లాసు నా నోటికి ఆనించింది.

“తాగు బిడ్డా. తెలంగాణ అచ్చెదాక బతుకాలె గద” అంది.

ఆమె ఎవరో ఇప్పటికీ తెలియదు.

రెండువేల పది, వానకాలం

అది వారానికోసారి, తర్వాత రోజూ రావడం మొదలుపెట్టింది. గుండె పరీక్షలన్నీ చేయించాం. అన్నీ బాగున్నాయన్నారు. చివరికి మనసు జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి వెళ్లమన్నారు. కాలనీ దవాఖానలో అయితే సాయంత్రానికి గని మొత్తానికి తెలిసిపోతుంది. జనగామలో అలాంటి డాక్టరున్నాడు, దూరం కూడా. పక్కనే పాలకుర్తిలో మా వదిన ఎస్తేరు, అంటే మా ఆయన అక్క, ఉంటుంది కాబట్టి ఆమెను చూడబోయామని చెప్పుకోవచ్చు.

ఆ దవాఖాన వరండాలో అందరూ గోడవైపు తిరిగి కూర్చునేవారు. నేను కొంగు ముక్కు మీదిదాకా లాక్కున్నాను. ఒక ముసలాయన, ముస్లిం, తన భార్యను పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె ఎవరినీ గుర్తుపట్టడం లేదు. ఆయన బత్తాయి ఒలిచి ఆమెకొక తొన పెట్టి, తర్వాత వరుసగా మా అందరి చేతుల్లో ఒక్కో తొన పెట్టుకుంటూ పోయాడు. దాన్ని తినడానికి అందరం ముఖాల మీద బట్ట తీయాల్సి వచ్చింది. మూడు గంటల్లో మేం ఒకరినొకరం చూసుకున్నది అప్పుడే.

డాక్టరు నా రోజంతా చెప్పించుకున్నాడు. చెప్పడానికే చాలాసేపు పట్టింది. అందులోంచి ఒక్క పని తీసేయమన్నాడు. నాకు ఏదీ తోచలేదు.

“అన్నీ దేవుని పనులే సార్” అన్నాను.

“గిన్నెలు తోముడు గూడనా?” అన్నాడు.

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. మాత్రలు రాశాడు. ఏడాది పాటు మానకుండా వేసుకోవాలని, రోజూ కొంతసేపు నడవాలని, వారంలో ఒక్కరికైనా కాదని చెప్పడం నేర్చుకోవాలని అన్నాడు. మాత్రలు మింగడం సులువు. మూడోది నా వల్ల కాలేదు.

పాలకుర్తిలో వదిన చీటీ అటూ ఇటూ తిప్పి చూసింది. పత్తి ఏరి ఏరి ఆమె వేళ్లు చీలి ఉన్నాయి.

“ఒత్తిడా? గదేం రోగం సరోజా? నీడల కూసుండి పిల్లలకు అఆలు చెప్తే గూడ అస్తదా? మా చేన్లకు రా, ఎండల నాలుగు సాళ్లు ఏరు, ఏ రోగముందో అదే పారిపోతది” అంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, “మెంటల్ డాక్టర్ తాన్కి తోల్కపోయినవని ఎవ్వలకు జెప్పకురా. మా బిడ్డకు సంబంధాలు చూస్తున్నం” అంది.

మాత్రలు పనిచేశాయి. రెండు నెలల్లో నిద్ర పట్టింది. గుండె నా మాట వినడం మొదలుపెట్టింది. ఇది ఇక్కడితో ఆగి ఉంటే రాయడానికేమీ ఉండేది కాదు.

అదే ఏడు, క్రిస్మస్ ముందు

ఈ మాత్రలు ఎప్పటికీ మానలేనేమోనన్న భయంతో మా ఆయన పాస్టరయ్యకు చెప్పాడు. సంఘం నా కోసం మూడు రోజులు ఉపవాసముంది. డ్యూటీ దిగి స్నానం కూడా చేయకుండా, కళ్ల చుట్టూ బొగ్గు నలుపుతోనే వచ్చి నా కోసం ఏడ్చినవాళ్లున్నారు. ఆ ప్రేమను నేను ఎన్నటికీ తక్కువ చేయను. మూడో రోజు పాస్టరయ్య నా తల మీద చెయ్యి ఉంచినప్పుడు నా ఛాతీ మీది బండ దిగిపోయింది. అది నిజం. అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. స్వస్థత పొందినవాళ్లు తమ మందులు తెచ్చి, ప్రసంగ పీఠం ముందు పరిచిన తెల్లబట్ట మీద పెట్టి, నిలబడి సాక్ష్యం చెప్తారు. ఆ బట్ట మీద పెట్టినదాన్ని మళ్లీ ముట్టుకోరు. మరుసటి ఆదివారం నా మాత్రలు దాని మీద పెట్టాను. “ఇక ఒక్కటి కూడా మింగను” అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన ముఖం అంత వెలగడం పెళ్లినాడు కూడా చూడలేదు.

పదో రోజు నల్లబల్ల ముందు చేతిలోంచి చాక్‌పీసు జారింది. అదే పిడికిలి మళ్లీ వచ్చింది. పిల్లలు బిక్కచచ్చి చూస్తున్నారు.

ఎవరికి చెప్పను? సాక్ష్యం అయిపోయింది. జబ్బు తిరిగొచ్చిందంటే దేవుడు చేసింది ఉత్తదే అన్నట్టు, లేకపోతే నేను పాపిని అన్నట్టు. ట్రైనింగుందని చెప్పి ఒక్కదాన్నే జనగామ వెళ్లాను. కొత్త మాత్రలు తెచ్చి మినప్పప్పు డబ్బాలో దాచాను. రోజూ పొద్దున తలుపు చాటున ఒకటి మింగేదాన్ని. ఆదివారం కూడా మింగి, గుడికి వెళ్లి, స్వస్థపరిచాడని పాట అందుకునేదాన్ని.

ఒత్తిడికి విరుగుడుగా తెచ్చుకున్న మందే ఇప్పుడు నాకు అన్నిటికంటే పెద్ద ఒత్తిడి. పప్పు నానబోయడానికి ఎవరైనా ఆ డబ్బా ముట్టుకుంటారేమోనని ప్రాణం కొట్టుకునేది.

రెండువేల పదకొండు, ఎండకాలం

నా సాక్ష్యం నా చేయి దాటిపోయింది. చదువుకున్న టీచరు కదా, మాట బాగుంటుందని పాస్టరయ్య నన్ను వేరే సంఘాల కూటాలకు కూడా తీసుకెళ్లేవాడు. కాదని చెప్పడం నాకు రాదని మీకు తెలుసు.

మహబూబాబాద్‌లో రైలు పట్టాలకు దగ్గరగా షామియానా వేశారు. గూడ్సు బండి పోయినప్పుడల్లా సాక్ష్యం ఆపి, అది పోయాక మళ్లీ అందుకోవాలి. అలా ఆగినప్పుడే సాక్ష్యం అక్కడితో ముగించి కూర్చుని ఉండొచ్చు. కూర్చోలేదు.

కూటం అయ్యాక ఒక అమ్మాయి వచ్చి నా రెండు చేతులు పట్టుకుంది. ఆమెను కరుణ అని రాస్తున్నాను. అసలు పేరు అది కాదు. మిషను కుట్టి తనను, తల్లిని పోషిస్తుంది. తల్లి మార్కెట్ యార్డులో మిరపకాయల తొడిమెలు తీసే కూలీ. కరుణకు చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉన్నాయి. మందులు వేసుకుంటున్న నాలుగేళ్ల నుంచి ఒక్కసారి కూడా రాలేదట.

“టీచరక్కా, నిజంగనే ఒక్క గోలి గూడ మింగుతలేవా?” అని అడిగింది.

ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. వేలి చివర సూది గుచ్చుకున్న గట్టి మచ్చలు తగిలాయి. చుట్టూ నలుగురు వింటున్నారు. పాస్టరయ్య పక్కనే ఉన్నాడు.

“మింగుతలేను బిడ్డా” అన్నాను.

అంతే. నన్ను ఎవరూ బెదిరించలేదు. ఎవరూ బలవంతం చేయలేదు. మూడో మనిషి నోట్లోంచి వచ్చినట్టు ఆ మాట నా నోట్లోంచి వచ్చింది, చాలా తేలిగ్గా.

అదే ఏడు, సకల జనుల సమ్మె

ఆ సమ్మెలో బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లో నిలిచిపోయాయి, గనులు ఆగాయి. ఇద్దరం ఇంట్లోనే. పొద్దున టెంటు కింద కూర్చుని నినాదాలిచ్చి రావడం, వండుకోవడం, పడుకోవడం. మొదటి వారం నిజంగానే సుఖంగా ఉన్నాను. అన్నేళ్లలో నేను ఎవరికీ ఏదీ బాకీ లేని రోజులవి.

అప్పుడు మహబూబాబాద్ సంఘ పెద్ద ఒకాయన ఫోను చేశాడు. కరుణ ఎండకాలం కూటం అయిన మర్నాడే తన గోలీలు వాళ్ల గుళ్లో పెట్టేసిందట. కొన్ని నెలలు ఏమీ కాలేదు. మొన్న అన్నం వంచుతుండగా ఫిట్స్ వచ్చి పొయ్యి మీద పడింది. కుడిచెయ్యి, ఒక చెంప కాలాయి. బస్సుల్లేవు. మిరప బస్తాలు మోసే ట్రాలీ ఆటోలో తల్లి ఒళ్లో పడుకోబెట్టి, ఒక్కో రాస్తారోకో దగ్గర దండం పెట్టి బతిమాలుతూ తీసుకుపోయారట. ప్రాణం నిలిచింది.

పాస్టరయ్యతో ఈ విషయం చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థించి, “ఆమె విశ్వాసం సగంల ఆగిందమ్మా” అన్నాడు.

ఆ మాట నాలో ఏదో తెంపింది. ఇంటికొచ్చి మినప్పప్పు డబ్బా తెచ్చి మా ఆయన ముందు బోర్లించాను. పప్పులోంచి మాత్రలు బయటపడ్డాయి. ఆయన ఒక్కొక్క గింజా ఏరి డబ్బాలో వేశాడు, తలెత్తకుండా.

“నాకు గూడ చెప్పలె” అన్నాడు.

రెండు రోజులకు ఒకే మాట అన్నాడు. “అయిందేదో అయింది. బయట అన్నవంటే సంఘంల తలెత్తుకోలేను. నోరు మూసుకో.”

ఉన్న మాత్రలు ఆ వారమే అయిపోయాయి. జనగామకు బండి లేదు. ఊరూరా చెప్పిన సాక్ష్యం అప్పటికి నిజమైంది. ఒక్క మాత్ర కూడా మింగడం లేదు. నిద్ర దూరమైంది. పొయ్యి వెలిగించాలంటే భయం. మంట చూస్తే ఆ అమ్మాయి చెంప. ప్రార్థనకు మోకరిస్తే ఆ వెచ్చటి చేతులు. ఒకరోజు గోడకు తల కొట్టుకుంటుంటే మా ఆయన చూశాడు. దోస్తు దగ్గర మోటరుసైకిలు అడిగి, రోడ్లు ఆపిన ప్రతి చోటా దిగి చీటీ చూపించుకుంటూ జనగామ వెళ్లి, పొద్దుగూకి ఇంటికొచ్చాడు. మాత్రలు, నీళ్లు నా ముందు పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను మింగేదాకా చూశాడు. మాట మాత్రం మార్చుకోలేదు. నోరు మూసుకో అన్నది అలాగే ఉంది.

సమ్మె అయ్యాక

నోరు మూసుకునే ఉండేదాన్నేమో. ఎంత పిరికిదాన్నో మీరు చూశారు. కానీ బస్సులు తిరగడం మొదలయ్యాక ఆ సంఘ పెద్దే మళ్లీ ఫోను చేశాడు. కరుణ ఇప్పటికీ గోలీలు ముట్టుకోవడం లేదట. దవాఖానలో ఇచ్చినవి కూడా తలగడ కింద పెట్టి, తన విశ్వాసం పూర్తయ్యేదాకా వేసుకోనంటోందట. మళ్లీ రెండుసార్లు వచ్చాయి. “మీరు వచ్చి ఇంకో మాట ధైర్యం చెప్పండి టీచరమ్మా, మీరంటే ఆమెకు గురి” అన్నాడు.

వరంగల్ దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. మా ఆయనకు చెప్పే బయలుదేరాను. ఆయన వద్దనలేదు, రానూ లేదు.

ఒకటే గది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. కరుణ మంచం మీద కూర్చుని ఉంది. చెంప ముడుచుకుపోయి ఒక కన్ను కిందికి లాగింది. కుడిచేతి మూడు వేళ్లు ఒకదానికొకటి అంటుకున్నట్టున్నాయి. నన్ను చూసి నవ్వబోయింది. సగం ముఖమే నవ్వింది.

“అక్కా, నాకు విశ్వాసం సాల్తలేదు. నువ్వెట్ల జేసినవో చెప్పు” అంది.

నేను వచ్చిందెందుకో నాకు తెలుసు. అయినా ఆ క్షణంలో కూడా లోపల ఒక గొంతు, ధైర్యం చెప్పి వెళ్లిపో అంటూనే ఉంది. సంచిలోంచి నా మాత్రల పట్టీ తీసి మంచం మీద పెట్టాను.

“ఇవి నావి. నేను రోజూ మింగుతున్న. నువ్వు అడిగిన నాడు గూడ పొద్దుగాల మింగే అచ్చిన. నీకు అబద్ధం చెప్పిన” అన్నాను.

కరుణ ఆ పట్టీని ఎడమచేత్తో తీసుకుని, ఖాళీ గుంటలను వేలితో తడిమింది. గుమ్మంలో కూర్చున్న తల్లి లేచింది. మిరప ఘాటుకు ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయట. అరవలేదు.

“నీ కడుపున పుట్టిన పిల్ల అడిగితే గట్లనే చెప్తువా టీచరమ్మా?” అంది.

 

తల్లి తలగడ కింద చెయ్యి పెట్టి గోలీలు తీసింది, చెంబుతో నీళ్లు తెచ్చింది. కరుణ వాటిని ఎడమచేత్తో తీసుకుని వేసుకుంది. నీళ్లు కాలిన వైపు పెదవి నుంచి కారాయి. నేను తుడవబోతే ముఖం పక్కకు తిప్పుకుంది.

“ఇగ పో అక్కా. ఒక్కటి మాత్రం జెయ్యి. నీ ప్రార్థనల నా పేరు తియ్యకు. నీ నోట్లకెళ్లి నా పేరు దేవుని తాన్కి పోవద్దు” అంది.

సరే అన్నాను.

తర్వాతి ఆదివారం మా సంఘంలో నిలబడి అంతా చెప్పాను. కొద్దిమంది లేచి వెళ్లిపోయారు. సండే స్కూలు, పాటల గుంపు నా దగ్గర నుంచి తీసేసుకున్నారు. స్త్రీల కూటంలో నా పక్క చాప ఖాళీగా ఉండేది. వదిన ఫోనులో, ముందుగాల పిచ్చి, తర్వాత దొంగసాక్ష్యం, మంచి కోడలే దొరికిందని మా ఆయనను ఎత్తిపొడిచిందట. ఆయన నాతో కలిసి అదే గుడికి రావడం మానలేదు. మరో వరుసలో కూర్చోవడమూ మానలేదు. నెల తిరక్కుండా ఇద్దరు ఆడవాళ్లు వేర్వేరుగా, బట్టలు ఆరేసే దగ్గర నన్ను ఆపి, జనగామ డాక్టరు ఎక్కడుంటాడని అడిగారు. ఆ ఇద్దరి పేర్లు మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఇప్పుడు

రాష్ట్రం వచ్చింది. వచ్చిన రోజు భూపాలపల్లిలో రంగులు చల్లుకుంటుంటే నేనూ వెళ్లాను, గుండె దడదడలాడింది. ఈసారి అది సంతోషానికి. తేడా తెలుసుకోవడానికే నాకు కొన్నేళ్లు పట్టింది. ఇప్పుడు ఒక్క మాత్రే వేసుకుంటున్నాను. దాన్ని కూడా మెల్లగా మాన్పిస్తానని డాక్టరు అన్నాడు. మాన్పించేది ఆయన, నేను కాదు. మాత్ర కిటికీలో, అందరికీ కనబడేటట్టు పెడతాను. పొద్దున కాలనీ చుట్టూ నడుస్తాను. వారానికొకసారి ఎవరికో ఒకరికి కుదరదని చెప్తాను, చెప్పి ఆ రోజంతా గిల్టీగా తిరుగుతాను. ప్రార్థన ముందులాగే చేస్తాను, ముందుకంటే ఎక్కువే. మందు మింగడం విశ్వాసం లేకపోవడం కాదు. దేవుడు స్వస్థపరుస్తాడు, ఇది నేను చచ్చేదాకా అంటాను. కానీ ఆయన పేరు మీద మనం ఆడే అబద్ధాన్ని ఆయన మోయడు. దాన్ని ఎవరో ఒక పేదపిల్ల మోస్తుంది.

కరుణకు ఫిట్స్ మళ్లీ రాలేదని విన్నాను. ఎడమచేత్తో గుండీలు, కాజాలు కుడుతుందట. కత్తెర పట్టడం ఆమె వల్ల కాదు. గుడికి వెళ్లడం లేదు.

ఆమెకిచ్చిన మాట నేను తప్పలేదు. మోకరించిన ప్రతిసారీ ఆ పేరు నాలుక చివరిదాకా వస్తుంది. అక్కడే ఆపేస్తాను. లోకంలో నేను అందరికంటే ఎక్కువగా ప్రార్థించాల్సిన మనిషి కోసం నేను ప్రార్థించలేను.

ఆమె మిమ్మల్ని వద్దనలేదు. అందుకే అడుగుతున్నాను. ఇక్కడిదాకా చదివినవాళ్లు ఈ కాగితం పక్కన పెట్టి కళ్లు మూసుకోండి. నేనూ మూసుకుంటాను. మీ జబ్బుల కోసం, మీరు దాచుకున్న మాత్రల కోసం, మీకు మొండికేసిన నిద్ర కోసం నేను ప్రార్థిస్తాను. మహబూబాబాద్‌లో ఆ అమ్మాయి కోసం మీరు ప్రార్థించండి. అసలు పేరు తెలియకపోయినా ఫరవాలేదు, ఆయనకు తెలుసు. ఆ భాగం వచ్చినప్పుడు నేను నోరు తెరవను. ఆమెన్ కూడా మీరే అనండి.